పాత తెలుగు పుస్తకాల స్కాన్లు: పీడీఎఫ్‌కూ డెజావూకూ అసలు తేడా ఎక్కడ?

ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో తెలుగు వికీసోర్స్‌లోనో పాత పుస్తకం కోసం వెతికితే కొన్నిసార్లు అదే పుస్తకం రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి అందరికీ అలవాటైన పీడీఎఫ్. రెండోది పేరు చివర డీజేవీయూ అని ఉండే ఫైలు. దాన్నే డెజావూ అంటారు. ఈ రెండోది తరచూ సైజులో బాగా చిన్నది, కానీ ఫోన్‌లో నొక్కితే మామూలుగా తెరుచుకోదు. తగిన యాప్ వేసుకుని తెరిస్తే, పీడీఎఫ్‌లో కన్నా అక్షరాలు స్పష్టంగా కనిపించడమూ కద్దు. దాంతో ఏది దింపుకోవాలి, ఏది దాచుకోవాలి, ఇంట్లో ఉన్న తాతల నాటి పుస్తకాన్ని స్కాన్ చేస్తే ఏ రూపంలో పెట్టాలి అన్న సందేహాలు వస్తుంటాయి.

క్లుప్తంగా చెప్పాలంటే: పీడీఎఫ్ ఎలాంటి పేజీనైనా మోసే ఫార్మాట్. డెజావూ స్కాన్ చేసిన కాగితం కోసమే పుట్టింది. డెజావూ చేసే పనులన్నీ ఇప్పుడు పీడీఎఫ్‌లోనూ చేయొచ్చు, కానీ చాలా పీడీఎఫ్‌లలో ఆ పని జరగదు. చదువరికి పీడీఎఫ్ సుఖం. పాఠ్యం మీద పనిచేసేవారికి డెజావూ ఇంకా ఉపయోగమే. రెండింటిలోనూ సైజు తగ్గించే ఒక పద్ధతి మాత్రం తెలుగు లిపికి ప్రమాదకరం. ఫార్మాట్ ఎంపిక కన్నా ఆ సంగతి ముఖ్యం.

రెండు వేర్వేరు అవసరాలు

1991లో అడోబీ సహ వ్యవస్థాపకుడు జాన్ వార్నాక్ ‘కామెలాట్’ పేరుతో ఒక ప్రతిపాదన రాశారు. ఒక కంప్యూటర్‌లో తయారైన పేజీ ఇంకే కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్ మీద తీసినా అదే తీరున కనిపించాలన్నది దాని సారాంశం. 1993లో అది పీడీఎఫ్‌గా బయటికొచ్చింది. అక్షరాలు, ఫాంట్లు, గీతలు, ఫొటోలు, ఫారాలు, సంతకాలు అన్నీ అందులో ఇముడుతాయి. 2008లో ఐఎస్ఓ 32000 పేరుతో అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్పటినుంచి అది ఒక్క కంపెనీ చేతిలో ఉన్న ఫార్మాట్ కాదు.

డెజావూ కథ వేరు. అమెరికాలోని ఏటీ అండ్ టీ ప్రయోగశాలల్లో 1996 నుంచి యాన్ లెకూన్, లియోన్ బొటూ, పాట్రిక్ హాఫ్‌నర్ తదితరులు దానిమీద పనిచేశారు. తర్వాతి కాలంలో కృత్రిమ మేధలో ట్యూరింగ్ అవార్డు పంచుకున్న లెకూన్, యోషువా బెంజియో ఇద్దరి చేతా ఇందులో ఉంది. గ్రంథాలయాల్లోని కాగితాన్ని, ఆనాటి టెలిఫోన్ మోడెమ్‌ల మీద కూడా చదవగలిగేంత చిన్న ఫైలుగా మార్చడం వాళ్ల లక్ష్యం. ఫాంట్లు, ఫారాల జోలికి డెజావూ పోదు. ఇప్పటికీ ప్రతి డెజావూ ఫైలూ మొదటి నాలుగు బైట్లలో ‘ఏటీ అండ్ టీ’ అన్న పేరుతోనే మొదలవుతుంది.

పేజీని పొరలుగా విడదీయడం

అసలు ఇబ్బంది ఎంత పెద్దదో లెక్క వేస్తే తెలుస్తుంది. డెమ్మీ సైజు పుస్తకంలో పేజీ సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 అంగుళాల ఎత్తు ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే 42 లక్షలకు పైగా చుక్కలు. చుక్కకు 3 బైట్ల లెక్కన పేజీకి 1 కోటి 26 లక్షల బైట్లు. 300 పేజీల నవల 3.8 జీబీ దాకా తేలుతుంది. దీన్ని యథాతథంగా ఎవరూ పంచలేరు, కుదించాల్సిందే.

ఫొటోలకు వాడే జేపెగ్‌తో కుదిస్తే అచ్చు అక్షరానికి అన్యాయం జరుగుతుంది. జేపెగ్ బొమ్మను 8×8 చుక్కల గళ్ళుగా విడగొట్టి, కంటికి అంతగా ఆనని సన్నని మార్పులను తీసేస్తుంది. ముఖం, ఆకాశం లాంటి నెమ్మదిగా రంగు మారే చోట్ల ఇది బాగా పనిచేస్తుంది. అక్షరం అంచు అలా కాదు. నలుపు నుంచి తెలుపుకు ఒక్క గంతు. అక్కడ సన్నని మార్పులే అక్షరానికి ప్రాణం. అందుకే జేపెగ్‌ను గట్టిగా నొక్కిన స్కాన్లలో ఒత్తుల చుట్టూ బూడిదరంగు మురికి పేరుకుంటుంది.

డెజావూ దీనికి కనుక్కున్న ఉపాయం పేజీని మూడు పొరలుగా చూడటం. మొదటిది అక్షరాల ఆకారం: ప్రతి చుక్కా సిరానా, కాదా అన్న రెండే జవాబులతో పూర్తి 300 చుక్కల నాణ్యతలో ఉంటుంది. రెండోది కాగితం: దాని పసుపు, మరకలు, మధ్యలో ఉన్న బొమ్మలు. ఇవి అంగుళానికి 100 చుక్కలున్నా కంటికి చాలు. మూడోది సిరా రంగు. దీనికి 25 చుక్కలే ఎక్కువ. కాగితం పొరలో చుక్కల సంఖ్య తొమ్మిదో వంతుకు, సిరా రంగు పొరలో 144వ వంతుకు పడిపోతుంది. అక్షరం అంచు మాత్రం చెక్కుచెదరదు. ఆ తర్వాత ఒక్కో పొరకూ దానికి తగిన కుదింపు. కాగితానికి, బొమ్మను స్థూల రూపం నుంచి సన్నని వివరాల దాకా అంచెలుగా దాచే ఐడబ్ల్యూ44 అనే వేవ్‌లెట్ పద్ధతి, అక్షరాలకు జేబీ2.

ఇదే పని పీడీఎఫ్‌లో చేయడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. 2001లో వచ్చిన పీడీఎఫ్ 1.4లో జేబీ2కు దాయాది అయిన జేబిగ్2 చేరింది. 2003 నాటి 1.5లో, ఐడబ్ల్యూ44 లాగే అంచెలుగా బొమ్మను కుదించే జేపెగ్2000 చేరింది. ఒక బొమ్మ మీద మరో బొమ్మను ముసుగులా వేయడం అంతకుముందే వచ్చు. ఇంటర్నెట్ ఆర్కైవ్ ఇప్పుడు తయారుచేసే పీడీఎఫ్‌లు ఇలా పొరలుగా విడదీసినవే. ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసే యాప్‌ల సంగతి అలా కాదు. అవి సాధారణంగా పేజీకో జేపెగ్ పెట్టి ఊరుకుంటాయి. ‘పీడీఎఫ్ బరువు, డెజావూ తేలిక’ అన్న పేరు రావడానికి కారణం ఫార్మాట్ కన్నా ఈ తయారీ పద్ధతే.

ఒక్క గీత పోతే అక్షరమే మారుతుంది

జేబీ2, జేబిగ్2 రెండూ అక్షరాల పొరను కుదించే తీరు ఒక్కటే. పేజీలో ఒకదానికొకటి అంటుకున్న నల్లచుక్కల గుంపును ఒక ఆకారంగా తీసుకుంటాయి. దాదాపు అలాంటి ఆకారం మళ్లీ ఎదురైతే కొత్తగా గీయకుండా ‘ఫలానా ఆకారం, ఫలానా చోట’ అని రాసుకుంటాయి. పాత అచ్చాఫీసులో కంపోజిటర్ కేసు గళ్ళలోంచి టైపు ఏరుకుని పేర్చినట్టే, ఈ ప్రోగ్రామ్ తనకు తాను ఒక టైపు కేసు తయారుచేసుకుని పేజీని మళ్లీ కూరుస్తుంది. అనేక పేజీలకు కలిపి ఒకే కేసు వాడితే ఫైలు ఇంకా చిన్నదవుతుంది.

ఇందులో రెండు దారులున్నాయి. ఆకారానికీ నమూనాకూ ఉన్న ప్రతి చుక్క తేడానూ కూడా రాసిపెట్టేది నష్టం లేని దారి. ‘దాదాపు ఒకటే కదా’ అని తేడాను వదిలేసి నమూనానే అతికించేది నష్టంతో కూడిన దారి. రెండో దారిలో సైజు బాగా తగ్గుతుంది. ప్రమాదమూ అక్కడే ఉంది.

అది ఎంత దూరం వెళ్లగలదో 2013లో ప్రపంచానికి తెలిసింది. జర్మనీకి చెందిన కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ క్రీజెల్, కొన్ని జిరాక్స్ కంపెనీ యంత్రాలు స్కాన్‌లో అంకెలనే మార్చేస్తున్నాయని బయటపెట్టారు. ఒక ఇంటి ప్లానులో మూడు గదుల వైశాల్యాలు 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు. స్కాన్‌లో మూడూ 14.13 అయ్యాయి. ఇది అక్షరాలను గుర్తించే ఓసీఆర్ చేసిన తప్పు కాదు, బొమ్మనే కుదింపు మార్చేసింది. మసకగా ఉంటే చదివేవాడికి అనుమానం వస్తుంది. ఇక్కడ తప్పు అంకె కూడా నిక్కచ్చిగా, శుభ్రంగా కనిపించింది. తర్వాత కంపెనీ సాఫ్ట్‌వేర్ సవరణ విడుదల చేసింది. భద్రపరచాల్సిన పత్రాలకు జేబిగ్2 వాడొద్దని 2015లో జర్మనీ, స్విట్జర్లాండ్ అధికార సంస్థలు నిర్ణయించాయి.

అంకెలకే ఈ గతి పడితే తెలుగు అక్షరాల మాట మరీ ఆలోచించాల్సింది. ప, ఫ, చ, ఛ, డ, ఢ, ద, ధ జంటల్లో తేడా కింద వేలాడే చిన్న గీత. ధ, థల మధ్య తేడా లోపలి చుక్క. ఠలో చుక్క పోతే కంటికి ర మిగులుతుంది, ‘పాఠం’ కాస్తా ‘పారం’ అవుతుంది. అరిగిన సీసపు టైపుతో, పలచని కాగితం మీద అచ్చయిన పుస్తకంలో ఆ గీత ఒక్కోసారి అక్షరానికి అంటుకుంటుంది, ఒక్కోసారి విడిగా నిలుస్తుంది. అంటుకుని ఉంటే, ద నమూనాకూ ఈ ధకూ తేడా కొద్ది చుక్కలే కాబట్టి ప్రోగ్రామ్ రెండూ ఒకటేననుకోవచ్చు. విడిగా ఉంటే మరో గండం. స్కాన్‌లో దుమ్ము మచ్చలను తుడిచే ‘క్లీన్’ సదుపాయం దాన్ని మచ్చ అనుకుని తీసేయవచ్చు.

అరసున్న పరిస్థితి ఇంకా నాజూకు. పాత పద్యకావ్యాల్లో, నిఘంటువుల్లో ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే అంకె. ఆ రెంటినీ వేరుచేసేది ఒక చిన్న వంపు. అది పోయినా మాట తప్పులా కనిపించదు, అర్థం మారిపోతుందంతే. ‘కథ’ను ‘కధ’ అని అచ్చువేసిన పాత పుస్తకాలూ ఉన్నాయి. ఒక ముద్రణలో నిజంగా ఏ రూపం ఉందో తేల్చుకోవాలనుకునే పరిశోధకుడికి, నష్టపూరితంగా కుదించిన స్కాన్ సాక్ష్యంగా పనికిరాదు. ఆ తప్పు అచ్చువాళ్లదో కంప్యూటర్‌దో చెప్పే దారి ఉండదు.

డెజావూ ఫైళ్ల కోసం ఉచితంగా దొరికే డెజావూలిబ్రే అనే ప్రోగ్రామ్‌ల కట్టలోని సీజేబీ2 ప్రోగ్రామ్ మామూలుగా నష్టం లేని దారిలోనే నడుస్తుంది. ‘లాసీ’ అని ప్రత్యేకంగా అడిగితేనే రెండో దారి పడుతుంది. జేబిగ్2 తయారుచేసే జేబిగ్2ఎన్‌క్‌లోనూ ఆకారాల కేసు వాడమని విడిగా చెప్పాలి. అంటే ఈ ప్రమాదం ఎవరో ఒకరు సైజు కోసం ఎంచుకుంటే వచ్చేది. తెలుగు పుస్తకాలకు దాన్ని ఎంచుకోకపోవడమే సరైన పని.

పేజీ వెనక దాగిన పాఠ్యం

స్కాన్‌లో మాట వెతకాలన్నా, కాపీ చేయాలన్నా బొమ్మ వెనక కనిపించని పాఠ్యం ఒక పొరగా ఉండాలి. తెలుగు పీడీఎఫ్‌ల నుంచి కాపీ చేస్తే అక్షరాలు చెదిరిపోతాయన్న ఫిర్యాదు పాతదే. దానికి కారణం పీడీఎఫ్ స్వభావంలో ఉంది. అది దాచుకునేది అక్షరాలను కాదు, ఫాంట్‌లోని ఆకారాల సంఖ్యలను, అవి పేజీలో ఉండాల్సిన చోటును. ‘స్త్రీ’ అన్న మాటను గీయడానికి ముందు ‘సీ’ ఆకారం, తర్వాత త ఒత్తు, ఆ తర్వాత ర ఒత్తు వస్తాయి. కాపీ చేసేటప్పుడు ఆ గీత వరసనే యూనికోడ్‌గా (ప్రతి లిపిలోని అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే ప్రమాణం) మారిస్తే ‘సీ్త్ర’ అన్న ముక్కలు చేతికొస్తాయి. అను ఫాంట్లతో కూర్చిన పాత డీటీపీ ఫైళ్లలోనైతే తెలుగే రాదు. ఆ ఫాంట్లలో తెలుగు ఆకారాలు రోమన్ అక్షరాల స్థానాల్లో కూర్చున్నాయి కాబట్టి రోమన్ చెత్తే బయటికొస్తుంది.

డెజావూలో ఈ తలనొప్పి పుట్టే అవకాశమే లేదు, ఎందుకంటే అందులో ఫాంటే లేదు. పేజీ, పేరా, పంక్తి, మాట అనే వరసలో ఒక్కో మాట ఏ దీర్ఘచతురస్రంలో ఉందో రాసి, దాని పక్కన యూనికోడ్ మాటను యథాతథంగా పెడుతుంది. స్కాన్ పీడీఎఫ్‌లలోనూ టెసరాక్ట్ లాంటి ఓసీఆర్ ప్రోగ్రామ్‌లు ఇదే ఫలితం సాధిస్తాయి. ఆకారమే లేని ఒక ఫాంటును పెట్టి, కనిపించని పాఠ్యాన్ని నేరుగా యూనికోడ్‌కు ముడివేస్తాయి. కాబట్టి డీటీపీ నుంచి నేరుగా పుట్టిన పీడీఎఫ్‌కు ఉన్న జబ్బును స్కాన్ పీడీఎఫ్‌కు అంటగట్టడం సరికాదు.

డెజావూ ఎందుకు వెనకబడింది?

సాంకేతికంగా ముందున్న ఫార్మాట్ జనంలోకి ఎందుకు రాలేదన్నదానికి మూడు నాలుగు కారణాలు కలిసొచ్చాయి. 2000లో ఏటీ అండ్ టీ దీన్ని లిజార్డ్‌టెక్ అనే కంపెనీకి అమ్మేసింది. ఫైలును చదివే ప్రోగ్రామ్ ఉచితంగా దొరికినా, రంగుల పేజీని పొరలుగా చక్కగా విడదీసే తయారీ సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనాల్సి వచ్చేది. మూలకర్తలే నిలబెట్టిన ఉచిత డెజావూలిబ్రేలో ఆ విడదీసే భాగం లేదు. ఈలోగా డెజావూ మొదట్లో చూపిన కిటుకులు పీడీఎఫ్‌లో ఒక్కొక్కటే చేరిపోయాయి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ బ్రౌజర్ల నుంచి తగిలింది. డెజావూ బ్రౌజర్‌లో తెరుచుకోవాలంటే ప్లగిన్ అనే అదనపు ప్రోగ్రామ్ కావాలి. పీడీఎఫ్‌కు అప్పటికే సొంత చోటు దొరికింది: క్రోమ్ 2010లోనే లోపల చదివే ఏర్పాటు పెట్టుకుంది, ఫైర్‌ఫాక్స్ 2013లో పెట్టుకుంది. పాత తరహా ప్లగిన్లను క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆపేశాయి. దాంతో నొక్కితే తెరుచుకునే ఫైలు ఒక్కటే మిగిలింది. 2016లో ఇంటర్నెట్ ఆర్కైవ్ కొత్త పుస్తకాలకు డెజావూ తయారుచేయడం మానేసింది. పోలండ్ డిజిటల్ గ్రంథాలయాల్లో, రష్యన్ భాషలో శాస్త్ర గ్రంథాలు స్కాన్ చేసేవారిలో దీనికి గట్టి ఆదరణ ఉండేది. ఆ పాత నిల్వ అంతా ఇప్పటికీ ఉంది.

భద్రత విషయంలో మాత్రం ఏదీ మచ్చలేనిది కాదు. 2021లో ఫైళ్ల వివరాలు వెలికితీసే ఎగ్జిఫ్‌టూల్ ప్రోగ్రామ్ డెజావూ ఫైళ్లను చదివే తీరులోని లోపం వల్ల, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సర్వర్లు దాడికి గురయ్యాయి. అదే ఏడాది పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్ ఐఫోన్లలోకి చొరబడింది జేబిగ్2 ఉన్న పీడీఎఫ్ ద్వారానే.

ఏ పనికి ఏది?

చదవడానికి, పంచుకోవడానికి, ముద్రించుకోవడానికి పీడీఎఫ్‌ను కాదని వేరేదాన్ని ఎంచుకోవాల్సిన పని లేదు. ఇప్పటికే డెజావూలో ఉన్న పుస్తకాన్ని పీడీఎఫ్‌గా మార్చేవారు ఒకటి గమనించాలి. డెజావూలిబ్రేలోని డీడెజావూతో మారిస్తే పొరలు కలిసిపోయి సైజు పెరుగుతుంది, వెనక ఉన్న పాఠ్యం రాదు. అసలు డెజావూను తొలగించకుండా పక్కన ఉంచుకోవడం మేలు.

వికీసోర్స్‌లో లెక్క వేరు. అక్కడ స్కాన్ పక్కనే పాఠ్యం పెట్టి పుట తర్వాత పుట అచ్చుదిద్దుతారు. పుస్తకంలోని పుటలన్నిటినీ చూపే ‘సూచిక’ పేజీ పీడీఎఫ్‌తోనైనా డెజావూతోనైనా నడుస్తుంది. అయితే వికీ సాఫ్ట్‌వేర్‌లో పీడీఎఫ్ పేజీని అంగుళానికి 150 చుక్కలతో బొమ్మగా మార్చడం డిఫాల్ట్ అమరిక. ఒత్తుల దగ్గర కళ్లు చికిలించాల్సిన పుస్తకానికి ఇది చాలకపోవచ్చు. డెజావూలో ఒక పుట తప్పిపోతే మిగతా పుటల జోలికి పోకుండా దాన్ని చేర్చవచ్చు, ఒక్క పుట పాఠ్యాన్నే మార్చవచ్చు. అందుకే ఆర్కైవ్ మానేశాక కూడా, అక్కడి జేపెగ్2000 బొమ్మల నుంచి డెజావూ తయారుచేసే పనిముట్టును వికీసోర్స్ వాడుకరులు నిలబెట్టుకున్నారు.

భద్రపరచడానికైతే ఈ రెండూ చాలవు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఉదాహరణ తెలుగువారికి దగ్గరిది. బెంగళూరు ఐఐఎస్‌సీ ముందుండి నడిపిన ఆ ప్రాజెక్టులో హైదరాబాద్ ఐఐఐటీ పెద్ద కేంద్రం. వేలాది తెలుగు పుస్తకాలు పేజీకో టిఫ్ (ఒక బొమ్మల ఫార్మాట్) ఫైలుగా అందులో చేరాయి. ఆ సైట్ మూతపడ్డాక వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులుగా బతికాయి. నలుపు తెలుపుల్లో స్కాన్ చేసిన పేజీల్లో పోయిన బూడిద ఛాయలు మాత్రం మళ్లీ స్కాన్ చేస్తే తప్ప తిరిగిరావు, అసలు పుస్తకం అప్పటికి మిగిలి ఉంటే.

కాబట్టి కొత్తగా స్కాన్ చేయించే గ్రంథాలయాలు, కుటుంబాలు స్కానర్ నుంచి వచ్చిన రంగుల టిఫ్ లేదా నష్టం లేని జేపెగ్2000 బొమ్మలను రెండు చోట్ల దాచి, వాటినుంచే పీడీఎఫ్, డెజావూ తీసుకోవాలి. ఆ తీసుకునేటప్పుడు అక్షరాల పొరను నష్టం లేని దారిలోనే కుదించాలి, ‘క్లీన్’ ఆపి ఉంచాలి. పని ముగిసిందనుకునే ముందు పుస్తకంలో ధ, థ, ఠ, అరసున్న ఉన్న నాలుగైదు పేజీలు ఎంచుకుని, 400 శాతానికి పెంచి, అసలు టిఫ్ పక్కన పెట్టి పోల్చి చూడాలి.